నీటికి దారి విడిచి గోడ కట్టు

విజయనగరం,
జూలై 12.

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు, కాంట్రాక్టరు ఇచ్చిన ఎస్టిమేటు కాయితం రెండూ చూశాను. ఫోన్లో చెప్తే సగం మాటలు గాలికి పోతాయని ఉత్తరం రాస్తున్నాను. అల్లుడూ నువ్వూ కూర్చుని చదవండి. మేస్త్రీ వచ్చినప్పుడు అతనికీ చదివి వినిపించు.

మధురవాడలో మీ లేఅవుటు కొండ పాదంలో ఉంది. ఇంటి వెనక తలుపు తీస్తే పెరడు. పెరటి చివరికి వెళ్ళేసరికి నేల ఆరడుగులు పైకి లేస్తుంది. ఆ పైన ఎవరిదో ఖాళీ స్థలం, దాని పైన కొండ. వాన పడినప్పుడల్లా ఎర్రనీళ్ళు వంటింటి గడప దాకా వస్తున్నాయనీ, మొన్న రుబ్బురోలు దగ్గర చీలమండ లోతు బురద నిలిచిందనీ రాశావు. దానికి విరుగుడుగా కాంట్రాక్టరు చెప్పింది ఇదీ: పెరటి చివర నేలని నిలువుగా కోసి, ఆరడుగుల ఎత్తు, తొమ్మిదంగుళాల మందం సిమెంటు ఇటుక గోడ లేపి, రెండువైపులా ప్లాస్టరింగు చేసి రంగు వేస్తాడట. "చుక్క నీరు ఇటు రాదు" అన్నాడట.

నాకు భయం వేసింది ఆ మాటకే. చుక్క నీరు ఇటు రాకపోతే ఎటు పోతుంది? ఆ కాయితంలో నాలుగు పేజీలున్నాయి గానీ నీళ్ళు బయటికి పోయే దారి గురించి ఒక్క ముక్క లేదు. అతను రాసింది కాంపౌండు గోడ. కాంపౌండు గోడ తన బరువు తాను మోసుకుంటే చాలు, గాలికి తట్టుకుంటే చాలు. మట్టిని మోసే గోడ పని వేరు, దాని ఒడ్డూ పొడుగూ వేరు. మన ఊళ్ళలో వాలు మీద ఇళ్ళు కట్టేవాళ్ళు ఈ రెంటినీ ఒకటే అనుకుని కాంపౌండు గోడకే వెనక మట్టి నింపేస్తున్నారు. అది ఎండాకాలమంతా బాగానే నిలబడుతుంది.

2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో ఏం జరిగిందో మీ పక్క ఊరివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చందనోత్సవం, నిజరూప దర్శనం కోసం క్యూలో నిలబడ్డ జనం, పెద్ద వాన, పక్కన కొత్తగా కట్టిన గోడ కూలిపోవడం. ఏడుగురు పోయారు. నీ గోడ అంత పెద్దది కాదు. కానీ దాని పక్కన రేపు నీ పిల్లలు ఆడుకుంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు గోడ వెనక జరిగేదేమిటో విను. నువ్వు లెక్కల్లో గట్టిదానివి కాబట్టి లెక్కే చెప్తాను. మీటరున్నర, అంటే అయిదడుగుల ఎత్తు గోడ అనుకో. వెనక మామూలు పొడి గ్రావెల్ మట్టి ఉంటే, అది గోడ పొడవు ప్రతి మీటరునీ సుమారు 675 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. అదే మట్టి పైదాకా నీళ్ళతో నిండితే మట్టి తోపు తగ్గుతుంది, ఎందుకంటే నీళ్ళలో దాని బరువు తేలికవుతుంది. కానీ నీళ్ళు సొంతంగా తోస్తాయి. నీటికి మట్టిలాగా తనని తాను పట్టుకునే గుణం లేదు, దాని బరువంతా పక్కకీ తోస్తుంది. రెండూ కలిపితే మీటరుకి 1500 కిలోలు. ముప్ఫై అడుగుల గోడకి చూసుకుంటే పొడిలో ఆరు టన్నులు, తడిలో పదమూడున్నర టన్నులు. గోడ అదే, మట్టి అదే, తేడా అంతా లోపల చిక్కుబడ్డ నీళ్ళది. రోడ్లు భవనాల శాఖలో ఉన్నన్నాళ్ళూ ఘాట్ రోడ్ల పక్కన పడిపోయిన గోడల దగ్గరికి వెళ్ళినప్పుడు నేను ముందు చూసేది రాయినీ సిమెంటునీ కాదు, చిల్లుల్ని. చాలాచోట్ల చిల్లులు ఉండేవి కావు, ఉన్నా మూసుకుపోయి ఉండేవి.

ఇంకో లెక్క కూడా గుర్తుపెట్టుకో. గోడ ఎత్తు రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది, గోడని పడదోసే బలం ఎనిమిదింతలవుతుంది. ఈ తోపుని మొదటగా లెక్కకట్టి చూపించినవాళ్ళలో ముఖ్యుడు కూలుంబ్. నువ్వు ఇంటర్లో విద్యుత్తు పాఠంలో చదివిన కూలుంబే. ఆయన అసలు సైన్యంలో ఇంజనీరు. కరీబియన్ దీవి మార్టినిక్‌లో కోట కట్టించి వచ్చిన అనుభవంతో మట్టి తోపు మీద రాసిన వ్యాసం 1776లో అచ్చయింది. ఇప్పటికీ మా లెక్కలకి పునాది అదే.

ఇక మీ నేల. విశాఖ కొండలు చాలామటుకు ఖొండలైట్ రాయి. తాజాగా ఉన్నప్పుడు గట్టిదే గానీ ఎండకీ వానకీ తొందరగా కుళ్ళి ఎర్రమట్టి అవుతుంది. కోణార్క్ గుడిలో ఎక్కువగా వాడింది ఈ రాయే, అది ఎంత అరిగిపోయిందో చూసే ఉంటావు. నువ్వు పంపిన మూడో ఫొటోలో, కోసిన గట్టు మధ్యలో తెల్లటి చారలు కనిపిస్తున్నాయి. అది సుద్దలాంటి జిగట మట్టి. తడిస్తే సబ్బులా జారుతుంది. పొరలు ఎటు వాలి ఉన్నాయో నువ్వే చూడగలవు: గట్టుకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి చూడు. పొరలు కొండలోకి వాలి ఉంటే కొంత నయం. ఇంటివైపు వాలి ఉంటే, అడుగున కోసినకొద్దీ పైది జారడానికి సిద్ధంగా ఉన్నట్టే. అలా కనిపిస్తే నా ఉత్తరం సరిపోదు, మట్టిపని తెలిసిన ఇంజనీరుని తీసుకొచ్చి చూపించు. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూశావు కదా. ఆ లోతైన చీలికలన్నీ వాననీళ్ళు కోసినవే. పైన గడ్డీ మొక్కా లేని ఎర్రనేల మీద వాన చేసే పని అది.

కాబట్టి గోడ కంటే ముందు నీళ్ళ సంగతి చూడాలి. ఈసారి గట్టి వాన పడినప్పుడు గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్ళి పావుగంట నిలబడు. నీళ్ళు ఎక్కడ నీ హద్దులోకి దిగుతున్నాయి, ఎక్కడ చీలుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి చూసి, ప్రతిచోటా ఒక పుల్ల గుచ్చు. వాన వెలిశాక ఆ పుల్లల్ని కలుపుతూ ఫొటో తియ్యి. ఎంత గొప్ప సర్వే అయినా ఇంత నిజం చెప్పదు. ఎండలో టేపు పట్టుకుని కొలిచే కాంట్రాక్టరుకి నీళ్ళ దారి కనపడదు.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. నీకు ఎగువన నీ వైపు వాలే నేల ఆరువందల గజాలు ఉందనుకుందాం, అంటే సుమారు 500 చదరపు మీటర్లు. గంటకి 60 మిల్లీమీటర్ల జోరున కుండపోత పడితే, ఇంకేది ఇంకిపోక ముందు లెక్క, సెకనుకి ఎనిమిది లీటర్ల పైన దిగుతుంది. రెండు సెకన్లకో బకెట్టు అన్నమాట. నాలుగంగుళాల పైపు వంద అడుగులకి అడుగు వాలులో వేస్తే, నిండుగా పారినా దాదాపు అంతే మోస్తుంది. అందులో రెండు బాదం ఆకులు అడ్డం పడితే ఇక చెప్పేదేముంది. అందుకని పైపు వద్దు, తెరిచిన కాలువ పెట్టు. నీ హద్దు లోపలే, కట్టబోయే గోడకి ఇంకా ఎగువన, అడుగు వెడల్పు, అడుగు లోతు. నీళ్ళకి అంత అక్కర్లేదు, ఆ వెడల్పు పార పట్టడానికి. అడుగున, పక్కలా కాంక్రీటు వెయ్యాలి, లేకపోతే ఆ కాలువే గోడ వెనక్కి నీళ్ళు ఇంకించే గుంటవుతుంది. వాలు వంద అడుగులకి అడుగుకంటే తగ్గకూడదు. మూల తిరిగే చోట రెండడుగుల చదరపు గుంట ఒకటి, మట్టీ ఆకూ అందులో దిగబడటానికి. అక్కణ్ణించి పక్క హద్దు వెంట కాలువ కిందికి మెట్లు మెట్లుగా దించి లేఅవుటు డ్రైనులో కలిపెయ్యి. మెట్లు ఎందుకంటే, నున్నగా దించితే నీళ్ళు వేగం అందుకుని అడుగున నేలని తవ్వేస్తాయి.

పక్కవాళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి. 1882 నాటి భారతీయ ఈజ్‌మెంట్ల చట్టం ఏడో సెక్షన్‌లో ఉదాహరణలు ఇచ్చారు. ఎగువ నేల మీద పడ్డ వాన, కాలువగా కాకుండా సహజంగా పల్లానికి పారేటప్పుడు, దిగువ నేలవాడు దాన్ని పారనివ్వాలి. అంటే పై స్థలం వాళ్ళ నీళ్ళు రాకుండా అడ్డుకట్ట వేసేస్తానంటే కుదరదు. అలాగని ఆ నీళ్ళని పోగుచేసి ఒక్కచోట ధారగా మీ ఎడమ పక్క ఇంటి గోడ మీదకి వదలడం సహజంగా పారడం కాదు. అదే సెక్షన్‌లో ఇంకోటి ఉంది: ప్రతి నేలకీ పక్క నేల నుంచి సహజంగా అందే ఆనిక మీద హక్కు ఉంది. హద్దు దాకా నిలువుగా కోసి పై స్థలం జారేలా చేస్తే ఆ హక్కు నువ్వు తీసేసినట్టే. చట్టం ఉందని కాదు గానీ, పక్కింటావిడతో ముందే కూర్చుని కాలువ ఎటు పోతుందో చూపించి మాట్లాడుకో. వానాకాలంలో మొదలైన తగువు తరాలు నడుస్తుంది.

ఇప్పుడు గోడ. ఆరడుగుల గోడ ఒకటి వద్దు. మూడడుగుల గోడలు రెండు కట్టు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఒక్కో మూడడుగుల గోడ మీద పడేది ఆరడుగుల గోడ మీద పడే తోపులో నాలుగోవంతే. రెంటికీ మధ్య కింది గోడ ఎత్తుకి కనీసం రెట్టింపు, అంటే ఆరడుగులకి తగ్గకుండా అరుగులా నేల వదులు. అంతకంటే దగ్గరికి తెస్తే పై గోడ బరువంతా కింది గోడ మీద పడి, మళ్ళీ ఆరడుగుల గోడ కట్టినట్టే అవుతుంది. ఆ మధ్య నేల నీకు పూలమొక్కలకి, కూరపాదులకి వస్తుంది. అత్తయ్య మల్లె పందిరి అంటోంది, అక్కడ వేసుకో. ఆ నేల కూడా చదునుగా ఉంచకు. పక్క కాలువ వైపు పది అడుగులకి రెండంగుళాలు వాలనివ్వు.

మూడడుగుల గోడకి సిమెంటు అక్కర్లేదమ్మా. రాతితో ఉత్త కట్టు కట్టించు. సందుల్లోంచి నీళ్ళు తమంతట తాము వచ్చేస్తాయి, నేల కొంచెం కుంగినా గోడ పగలకుండా సర్దుకుంటుంది. మీ వైపు రాతిపని చేసే వడ్డెర మేస్త్రీలు ఇంకా ఉన్నారు. చెరువు కట్టల లోపలి వాలుకి రాయి పేర్చిన చేతులవి. అలాంటివాడు దొరికితే రోజుకూలి ఎక్కువయినా పెట్టుకో. అతను ఒక రాయి తీసుకుని, నాలుగువైపులా తిప్పి చూసి, సుత్తితో ఒక్క దెబ్బ వేసి మూల లేపేసి, కూర్చోబెట్టి, కదిపి చూసి, కదిలితే వెనకనుంచి చిన్న చిప్ప బిగిస్తాడు. చిప్ప ముందునుంచి దోపేవాడి గోడ రెండు వానలకి చిప్పలు రాలుస్తుంది. ఆ ఒక్కటి గమనిస్తే చాలు పనివాడి సంగతి తెలిసిపోతుంది.

రాయి మీ పెరట్లో తవ్వగా వచ్చినది వాడనివ్వకు. కుళ్ళిన ఖొండలైట్ చూడటానికి రాయే, చేతికి పొడవుతుంది. క్వారీ నల్లరాయి తెప్పించు. సుత్తితో కొడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగింది పక్కన పెట్టేయమను. అడుగున రెండడుగుల మందం, పైన అడుగున్నర, అంటే ముందు ముఖం అడుగుకి రెండంగుళాల చొప్పున కొండవైపు వాలాలి. తూకం గుండు పట్టి నిటారుగా లేపితే చూడ్డానికి బాగుంటుందని ఎవరైనా అంటే వినకు. జాయింటు మీద జాయింటు రాకూడదు. ప్రతి వరసలోనూ అక్కడక్కడ, గోడ మందమంతా లోపలికి దిగే పొడుగు రాళ్ళు అడ్డంగా పడాలి, లేకపోతే ముందు ముఖం ఒక గోడగా, వెనకది ఒక గోడగా విడిపోతాయి. పునాది కనీసం అడుగు లోతు, మెత్తమట్టి తీసేసి గట్టి మొరం తగిలేదాకా.

ఒకవేళ స్థలం చాలక అయిదడుగుల గోడే కట్టాల్సి వస్తే, సిమెంటుతో రాతి గోడ, అడుగున మూడడుగుల మందం, పునాది ఇంకా లోతు, దానికి స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెట్టిన డ్రాయింగు. డ్రాయింగు లేకుండా నాలుగడుగులు దాటొద్దు. దానికి నీటి చిల్లులు ప్రాణం. మేస్త్రీలు వీప్ హోల్స్ అంటారు. మూడంగుళాల పీవీసీ పైపు ముక్కలు, మొదటి వరస కింది నేలకి అరడుగు ఎత్తున, అయిదడుగులకొకటి. రెండో వరస దానికి పైన, కింది వాటి మధ్యకి వచ్చేలా. పైపు ముందుకి వాలాలి, అడుగుకి అంగుళం. కొందరు చదునుగా పెడతారు, ఇంకొందరు తెలియక వెనక్కి వాలుస్తారు. కట్టేటప్పుడు సిమెంటు పాలు దిగి పైపు మూసుకుపోవడం మామూలే. అందుకని వెనక నింపకముందే ఒక్కో దాంట్లో కర్ర పెట్టి పొడిపించి, వెనకనుంచి చెంబుతో నీళ్ళు పోయించి, ముందు ధార కడుతోందో లేదో నువ్వే నిలబడి చూడు. చిల్లుల కింద గోడ మీద మరకలు పడతాయని వాటిని మూసేయమనే వాళ్ళుంటారు. మరక పడుతోందంటే గోడ పని చేస్తోందన్నమాట.

ఉత్త కట్టయినా, సిమెంటు గోడయినా, వెనక ఏం నింపుతావన్నది ముందు ఏం కనపడుతుందన్న దానికంటే ముఖ్యం. గోడని ఆనుకుని అడుగు మందాన 40 మిల్లీమీటర్ల కంకర, కింది నుంచి పైదాకా. దానికీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ. అన్నం వార్చేటప్పుడు సిబ్బి చేసే పనే ఆ గుడ్డ ఇక్కడ చేస్తుంది: నీళ్ళు వదులుతుంది, మట్టిని ఆపుతుంది. అది లేకపోతే నాలుగైదేళ్ళలో ఎర్రమట్టి కంకర సందులన్నీ నింపేసి మొదటికొస్తుంది. కంకర అడుగున నాలుగంగుళాల చిల్లుల పైపు, పక్క కాలువలోకి వాలేలా. పై చివర మూత పెట్టి వదిలితే, ఏడాదికోసారి ట్యూబుతో నీళ్ళు కొట్టి కడగొచ్చు. పైన చివరి అడుగు మాత్రం కంకర ఆపేసి, జిగట మట్టి వేసి దిమ్మిస కొట్టించు. పైనుంచి వచ్చే వాన కంకరలోకి దూకకుండా కాలువలోకి పోవాలి. వెనక మట్టి నింపేటప్పుడు జేసీబీతో ఒక్కసారి పోయనివ్వకు. అరడుగు అరడుగు పొరలుగా వేసి, తడి చేసి, దిమ్మిసతో కొట్టాలి. సిమెంటు గోడయితే కట్టి మూడు వారాలన్నా ఆగాకే నింపడం. ఈ కంకర, గుడ్డ, పైపు ఖర్చు మొత్తం గోడ ఖర్చులో చిన్న భాగం. ఎస్టిమేటు ఎక్కువైందని అల్లుడు అంటే ప్లాస్టరింగు, రంగు తీసేయమను. ఇవి మాత్రం తగ్గించొద్దు.

ఇంకుడు గుంత గురించి అడిగావు. మంచి ఆలోచన, మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఇంటికీ కావాలి. కానీ గోడకి ఎగువన, మధ్య అరుగు మీద తవ్వకు. నీళ్ళని తీసుకెళ్ళి గోడ వీపుకి ఎక్కించినట్టవుతుంది. ఇంటికి ముందువైపు, అన్నిటికంటే పల్లంలో, పునాదికి పదడుగుల దూరంలో తవ్వించి డాబా నీళ్ళు అందులోకి పంపు. వంద చదరపు మీటర్ల డాబా మీద వంద మిల్లీమీటర్ల వాన పడితే పదివేల లీటర్లు, అంటే రెండు ట్యాంకర్లు. వేసవిలో డబ్బు పెట్టి కొనుక్కునే నీళ్ళవి. అలాగే నీళ్ళ సంపు, సెప్టిక్ ట్యాంకు, అంట్లు తోమే చోటు, ఏదీ గోడ ఎగువన పెట్టకు. కారు కూడా అక్కడ నిలపొద్దు.

మొక్కల విషయంలో నీకు చెప్పేంతవాణ్ణి కాదు. ఒక్క వట్టివేరు మాత్రం తప్పక వెయ్యి. ఎగువ కాలువకి ఇంకా పైన, అడ్డంగా ఒకే మట్టంలో, జానెడుకి ఒకటి చొప్పున ఒత్తుగా నాటితే, ఏడాదిలో కంచెలా అల్లుకుంటుంది. వేళ్ళు పక్కలకి పోకుండా నిట్టనిలువునా పది పన్నెండడుగుల దాకా దిగుతాయి. నీళ్ళు దాని గుండా నెమ్మదిగా దిగుతాయి, మట్టి దాని వెనకే ఆగిపోతుంది. కాలువలో నువ్వు ఎత్తిపోయాల్సిన మట్టి సగానికి తగ్గుతుంది.  రావి మొలక గోడ సందులో కనపడితే ఆ రోజే పీకేయాలి. మామిడి, పనస గోడకి దూరంగా.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు రాస్తున్నాను. తవ్వకం. గోడ కట్టకముందు కోసిన గట్టు ఏ ఆనికా లేకుండా నిలబడి ఉంటుంది. పనిలో అతి ప్రమాదకరమైన రోజులవే. పెరడంతా ఒక్కసారి కోసి పెట్టనివ్వకు. పదడుగుల ముక్క కోయడం, పునాది వేసి గోడ లేపడం, వెనక నింపడం, తర్వాత పక్క ముక్క. గట్టు పైన తవ్విన మట్టి కుప్ప పోయకూడదు. మబ్బు పడితే కూలీలు గుంటలోంచి పైకి వచ్చేయాలి, ఆ పూట కూలి నువ్వే ఇవ్వు. వాన పడ్డ మర్నాడు గట్టు పైభాగాన నెర్రె కనపడితే ఎవర్నీ కిందికి దిగనివ్వొద్దు. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి జనం చనిపోయింది కూడా ఎడతెగని వానకే. అయిదడుగుల మట్టి మీద పడితే మనిషి ఊపిరాడక పోతాడు, తీసేలోగా ఆలస్యమైపోతుంది. నీ పెరటి కోసం ఎవరి ఇంట్లోనూ దీపం ఆరకూడదు.

కట్టేశాక చేసేది పెద్దగా లేదు. మొదటి వానకి ముందు కాలువ, గుంట శుభ్రం. గట్టి వాన పడ్డాక గోడ ముందు నడిచి చిల్లుల్లోంచి నీళ్ళు వస్తున్నాయో లేదో చూడటం. అంతా తడిసి ఉండగా చిల్లులు పొడిగా ఉంటేనే అనుమానించాలి. గోడకి దారం కట్టి ఏడాదికోసారి పొట్ట ఉబ్బిందేమో చూసుకో.

రాతిపని ఇప్పుడు మొదలుపెట్టకు. అక్టోబరు మన తీరానికి తుఫాన్ల నెల, 2014లో హుద్‌హుద్ విశాఖని తాకింది అక్టోబరు 12న. ఈలోగా ఎగువ కాలువ ఒక్కటీ, గట్టు కోయకుండా, తవ్వించి కాంక్రీటు వేయించు. వట్టివేరు నాటు. వంటింట్లోకి వచ్చే నీళ్ళు దాంతోనే చాలావరకు ఆగుతాయి. సంక్రాంతి వెళ్ళాక నేల ఆరుతుంది, అప్పుడు గోడ పని పెట్టుకుంటే వేసవిలోగా అయిపోతుంది. ఆ ఎస్టిమేటు మీద సంతకం పెట్టొద్దు, అడ్వాన్సు ఇవ్వొద్దు. రెండు గోడలు, వెనక కంకర, పక్క కాలువ చేర్చి కొత్తది రాయించి నాకు పంపు. చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య